కిటికీలోంచి చూసే పిల్లాడు

ఫ్రెండ్స్, ఒక స్టూడెంట్ గురించి చెప్తాను, ఎవరో ఊహించండి. క్లాసులో టీచర్ చెప్పేది వినడు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు. ప్రశ్న అడిగితే నోరు తెరుచుకుని అలా నిలబడిపోతాడు. దాదాపు రోజూ బెత్తం దెబ్బలు తింటాడు. పెద్దయ్యాక యూనివర్సిటీలో చేరడానికి మెట్రిక్యులేషన్ పరీక్ష మళ్ళీ మళ్ళీ రాస్తాడు. ప్రతిసారీ ఫెయిల్. మన భాషలో చెప్పాలంటే క్లియర్ కాని బ్యాక్‌లాగ్ అన్నమాట.

ఇప్పుడు ఇంకో మనిషి గురించి. ఇండియాలో, ఇంగ్లండులో, అమెరికాలో స్కూళ్ళు పెట్టించాడు. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా ప్రతి ఏటా వాటికి వెళ్ళి, పదేళ్ళ పిల్లల ఎదురుగా కూర్చుని గంటలు గంటలు మాట్లాడాడు. పిల్లలు భయం లేకుండా ఎలా చదువుకోవాలి అన్నదే ఆ మాటల్లో ఎక్కువసార్లు వచ్చే విషయం.

ఇద్దరూ ఒక్కరే. పేరు జిడ్డు కృష్ణమూర్తి. మన తెలుగువాడు, మదనపల్లెలో పుట్టినవాడు.

ఆయన పేరు చెప్పగానే చాలామందికి గడ్డు ఫిలాసఫీ పుస్తకాలు గుర్తొస్తాయి. లైబ్రరీలో ఆ షెల్ఫ్ దగ్గరికి ఎవరూ వెళ్ళరు కదా. నేను ఈ వ్యాసంలో ఆ ఫిలాసఫీలోకి ఎక్కువ వెళ్ళను. ఒక పిల్లాడి శరీరం మీద పెద్దవాళ్ళు ఏమేం చేశారు, ఆ పిల్లాడు పెద్దవాడై వేరే పిల్లల కోసం ఏం చేశాడు, అంతవరకే చెప్తాను. ఈ రోజుల్లో పిల్లల మనసు బాగుండాలంటే ముందు శరీరం నిమ్మళంగా ఉండాలి, ఊపిరి మీద ధ్యాస పెట్టాలి, ఆటా నడకా ఉండాలి అని అందరూ అంటున్నారు. దానికి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు కూడా పెట్టారు. ఆ మాట ఫ్యాషన్ కాకముందే అందులో ఏది నిజం, ఏది మోసం అని ఆలోచించిన మనిషి ఈయన.

కృష్ణమూర్తి 1895 మే నెలలో పుట్టాడు. నాన్న జిడ్డు నారాయణయ్య, బ్రిటిష్ వాళ్ళ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అమ్మ సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి, దేవకీదేవి ఎనిమిదో కొడుకు పేరే పెట్టారు. నాన్నకి బదిలీల ఉద్యోగం. కుటుంబం కడపకి మారింది. అప్పట్లో అక్కడ మలేరియా ఎక్కువ. రెండేళ్ళ వయసులో ఈ పిల్లాడికి జ్వరం తగిలింది, చచ్చి బతికాడంటారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆ జ్వరం వస్తూ పోతూ ఉండేది. దాంతో బడికి సరిగ్గా వెళ్ళలేకపోయాడు. ముక్కులోంచి రక్తం కూడా కారేదట.

బడికి వెళ్ళిన రోజుల్లో కూడా పలకా, బలపం, పుస్తకం ఇంటికి తిరిగొచ్చేవి కావు. తనకన్నా లేనివాడికి ఇచ్చేసి వచ్చేవాడు. వాకిట్లో ముష్టివాళ్ళు వస్తే అమ్మ బియ్యం ఇచ్చి పంపేది. ఒక్కరికే మొత్తం పోసేసి, మిగతావాళ్ళ కోసం మళ్ళీ అమ్మ దగ్గరికి పరిగెత్తేవాడు. చెట్ల దగ్గర, పురుగుల దగ్గర, మబ్బుల కింద ఎంతసేపైనా కూర్చునేవాడు. వీడికి మతి సరిగ్గా లేదేమో అని చుట్టుపక్కల వాళ్ళకి అనుమానం. తమ్ముడు నిత్యానంద మాత్రం మహా చురుకు. మూడేళ్ళు చిన్నవాడైనా చదువులో అన్నని దాటేశాడు.

మన బ్రాంచి వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. ఒకసారి కృష్ణ నాన్నగారి గడియారాన్ని మొత్తం విప్పేశాడు. ఏ చక్రం దేన్ని తిప్పుతోందో చూశాడు. మళ్ళీ బిగించేదాకా బడికి వెళ్ళనన్నాడు, అన్నం కూడా ముట్టలేదు. బిగించాకే లేచాడు. ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లాడికి ధ్యాస లేదనగలమా? ధ్యాస బోలెడంత ఉంది. టీచర్ చూపించిన చోట లేదు, అంతే.

1904లో పెద్దక్క చనిపోయింది. 1905 డిసెంబరులో అమ్మ పోయింది. అప్పటికి కృష్ణకి పదేళ్ళు. ఆ తర్వాత జరిగింది ఆయనే పద్దెనిమిదేళ్ళప్పుడు, 1913లో, రాసిపెట్టుకున్నాడు. అమ్మ పోయిన తర్వాత కూడా ఆ పిల్లాడికి ఆమె కనిపించేదట. చేతి గాజుల చప్పుడు వినిపించేదట. ఒకసారి మెట్లెక్కి వెళ్తున్నట్టు అనిపిస్తే వెనకాలే వెళ్ళి, కొంగు పట్టుకోబోయాడు. పై మెట్టు దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ లేదు.

ఇది నిజంగా కనపడిందా, భ్రమా అన్న చర్చ నాకు అనవసరం. పదేళ్ళ పిల్లాడు దుఃఖాన్ని మాటల్లో చెప్పలేడు. అది వాడి చెవుల్లో గాజుల చప్పుడుగా ఉంటుంది, చేతి వేళ్ళలో కొంగు కోసం వెతుకులాటగా ఉంటుంది. అమ్మ పోయిన పిల్లాడిని ఆ ఇంట్లో ఎవరైనా కూర్చోబెట్టి నీకెలా ఉంది నాన్నా అని అడిగారో లేదో. అడిగినా వాడేం చెప్పగలడు?

నారాయణయ్య 1907 చివర్లో రిటైరయ్యాడు. ఆయన చాలాకాలంగా దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. అనీబిసెంట్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చివరికి 1909 జనవరిలో మద్రాసు అడయారులో ఉన్న సమాజం కార్యాలయంలో చిన్న ఉద్యోగం సంపాదించాడు. కాంపౌండు బయట ఒక పాత ఇల్లు, సరైన వసతులు లేవు. పిల్లలు బక్కచిక్కి ఉండేవాళ్ళు. అక్కడినుంచి మైలాపూరు బడికి రోజూ నడక.

ఆ బడిలోనే బెత్తం మొదలైంది. పాఠం అప్పజెప్పలేడు కాబట్టి దెబ్బలు. క్లాసు బయట వరండాలో నిలబెట్టడం. మొద్దు అని ఒకసారి పేరు పడ్డాక ఆ పేరు వదలదు, మన క్లాసుల్లో కూడా చూశాం కదా. కాస్త ఆలోచించండి. అమ్మ పోయి నాలుగేళ్ళు కూడా కాలేదు, ఒంట్లో మలేరియా, కడుపులో సరైన తిండి లేదు, ఊరు కొత్త, మద్రాసు తమిళం కొత్త. ఇవన్నీ మోస్తున్న శరీరం క్లాసులో నిలబడి ఉంది. టీచర్‌కి కనిపించింది మాత్రం పాఠం రాని మొద్దబ్బాయి.

దీని వెనక సైన్స్ కూడా ఉంది. భయపడ్డప్పుడు శరీరం పారిపోవడానికో పోట్లాడటానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కడుపులో తిప్పుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. ఎదురుగా పులి ఉంటే ఇదంతా మంచిదే. ఎదురుగా ఉన్నది లెక్కల ప్రశ్న అయితే మాత్రం దెబ్బే, ఎందుకంటే ఆ స్థితిలో తెలిసిన సమాధానం కూడా గుర్తుకు రాదు. వైవాలో ఎక్స్‌టర్నల్ మొహం చూడగానే బుర్ర ఖాళీ అయిపోవడం మనలో ఎవరికి తెలీదు? హై ప్రయారిటీ ఇంటరప్ట్ వచ్చినప్పుడు మామూలు ప్రోగ్రాం పక్కన ఆగిపోయినట్టు. కృష్ణకి ఆ ఇంటరప్ట్ రోజూ వచ్చేది.

1909 వేసవిలో అడయారు సముద్రపు ఒడ్డున సి.డబ్ల్యూ. లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన సమాజం పెద్దమనిషి ఈ పిల్లాణ్ణి చూశాడు. స్వార్థం అనేది కాస్త కూడా లేని పిల్లాడు, పెద్దయ్యాక గొప్ప గురువవుతాడు అన్నాడు. ఈ పిల్లలకి హోంవర్క్‌లో సాయం చేసే ఎర్నెస్ట్ వుడ్ అనే ఆయన ఆశ్చర్యపోయాడు. ఆయన దృష్టిలో కృష్ణ మరీ మందబుద్ధి మరి. బడిలో కొడుతున్నారని తెలిశాక లెడ్‌బీటర్ ఇద్దరన్నదమ్ముల్నీ బడి మాన్పించాడు. చదువు అడయారులోనే అన్నాడు.

ఇక్కడితో కష్టాలు తీరిపోయాయి అనుకుంటాం. కొంతవరకు నిజమే, బెత్తం పోయింది. కొత్తగా టైంటేబుల్ వచ్చింది. తెల్లవారకముందే లేవాలి. వ్యాయామం, సైకిలు, ఈత, టెన్నిస్, స్నానం, ఇంగ్లీషు పాఠాలు, అన్నీ గడియారం ప్రకారం. పాలూ గంజీ బలవంతంగా తాగించడంతో కృష్ణకి విపరీతమైన కడుపునొప్పి వచ్చేది. ఒకరోజు అలవాటు ప్రకారం నోరు తెరుచుకుని నిలబడితే, నోరు మూసుకోమని చెప్పడానికి లెడ్‌బీటర్ అందరిముందూ గడ్డం మీద కొట్టాడు. ఆ దెబ్బతో తమ ఇద్దరి మధ్యా ఏదో తెగిపోయిందని కృష్ణమూర్తి తర్వాత చాలా ఏళ్ళకి చెప్పుకున్నాడు.

చూడండి, ఈ రెండో చోట ఎక్సర్‌సైజ్ ఉంది, ధ్యానం ఉంది, మంచి తిండి ఉంది, సముద్రం ఉంది. పిల్లల వికాసం అని ఇప్పటి బ్రోషర్లలో వేసేవన్నీ ఉన్నాయి. కానీ ఇవన్నీ ఆ పిల్లాణ్ణి ఇంకెవరిలాగో తయారుచేయడం కోసం. వీడికి ఏం కావాలో వీణ్ణి ఎవరూ అడగలేదు. అదే శరీరాన్ని మొదటిచోట బెత్తంతో దారికి తెచ్చారు, రెండోచోట టైంటేబుల్‌తో. తర్వాత ఆయన చెప్పిన చాలా మాటలకి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

1911లో కృష్ణ పేరు మీద ఈస్ట్‌లో నక్షత్ర సమాజం అనే సంస్థ పెట్టారు. వేలమంది చేరారు. అదే ఏడాది అన్నదమ్ముల్ని ఇంగ్లండు తీసుకెళ్ళారు. 1912లో నారాయణయ్య నా పిల్లల్ని నాకిచ్చేయండి అని మద్రాసు హైకోర్టులో కేసు వేసి గెలిచాడు. అనీబిసెంట్ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1914లో అక్కడ గెలిచింది. పిల్లలు పరాయిదేశంలోనే ఉండిపోయారు. కేసు వల్ల పేపర్లలో పేరు నానడంతో ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు చేర్చుకోలేదు. ఇక లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పరీక్ష. కృష్ణ ఎన్నిసార్లు కూర్చున్నా పాసవలేదు. నిత్య మాత్రం లా పరీక్షలు గట్టెక్కాడు.

అయినా అన్నదమ్ముల మధ్య పోటీ లేదు. కృష్ణకి ఈ లోకంలో పూర్తిగా తనవాడు అనగలిగింది నిత్య ఒక్కడే. నిత్యకి క్షయ వచ్చింది. గాలి మంచిదని 1922లో ఇద్దరూ అమెరికాలో కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకి వెళ్ళారు. మధ్యలో కాస్త కోలుకున్నా జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. 1925 చివర్లో తమ్ముణ్ణి అక్కడ వదిలి కృష్ణ ఇండియాకి ఓడెక్కాల్సి వచ్చింది. నిత్యకి ఏమీ కాదని చుట్టూ ఉన్న పెద్దలు ఆధ్యాత్మిక భాషలో గట్టి భరోసా ఇచ్చారు. ఓడ సూయెజ్ దగ్గర ఉండగా టెలిగ్రాం వచ్చింది. నవంబరు 13న నిత్య చనిపోయాడు.

ఓడ క్యాబిన్‌లో కృష్ణ రాత్రిళ్ళు నిత్య నిత్య అని ఏడ్చాడట, తెలుగులో కలవరించాడట. చిన్నప్పటి భాష దాదాపు మర్చిపోయిన మనిషి. దుఃఖం వచ్చినప్పుడు మాత్రం ఆ భాషే నోటికొచ్చింది. సుమారు పది రోజుల తర్వాత ఓడ కొలంబో చేరేసరికి ఆయన మొహం తేటపడిందని ఆ క్యాబిన్‌లోనే ఉన్న స్నేహితుడు రాశాడు. ఏడుపుని ఎవరూ ఆపలేదు, అది పూర్తిగా వచ్చి పోయింది. మనం పిల్లలు ఏడుస్తుంటే మగపిల్లాడివి ఏడవకూడదు అని వెంటనే నోరు మూయిస్తాం. ఆ ఏడుపు ఎక్కడికి పోతుంది? లోపలే ఉండి కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటికొస్తుంది.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్ అనే ఊళ్ళో, మూడు వేలమందికి పైగా ఉన్న శిబిరంలో, తన పేరు మీద పెట్టిన సమాజాన్ని ఆయనే రద్దు చేశాడు. సత్యానికి ఎవరో వేసిన దారి అంటూ ఉండదని, తనకి శిష్యులు వద్దని చెప్పాడు. సంస్థకి వచ్చిన ఆస్తుల్ని తిరిగిచ్చేశాడు. అప్పటికి ఆయనకి 34 ఏళ్ళు.

గురువు పదవి వద్దన్నాడు కానీ స్కూళ్ళు వదల్లేదు. 1920ల మధ్యలోనే మదనపల్లె దగ్గర స్థలం వెతికారు. తెట్టు అనే ఊరి పక్కన కొండల మధ్య ఒక లోయ, అందులో పెద్ద మర్రిచెట్టు. రాయలసీమ ఎండకి ఎండిపోయిన నేల. దగ్గర్లోని కొండ పేరు ఋషికొండ. దాంతో ఆ చోటికి ఋషివ్యాలీ అని పేరు పెట్టారు. 1930ల మొదట్లో అక్కడ స్కూల్ నడవడం మొదలైంది. తర్వాత కాశీలో రాజ్‌ఘాట్, ఆ తర్వాత మద్రాసు, బెంగళూరు, ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్క్ 1969లో, ఓహాయ్‌లో ఓక్ గ్రోవ్ 1975లో.

ఋషివ్యాలీలో ఒక అలవాటు ఉంది. దాన్ని అస్తాచల్ అంటారు. సాయంత్రం ఆటలు అయ్యాక పిల్లలంతా ఒక ఎత్తైన చోట కూర్చుని సూర్యుడు కొండల వెనక దిగిపోవడం చూస్తారు. మాటలు ఉండవు. మంత్రం లేదు, కళ్ళు మూసుకోవాలన్న రూలు లేదు, గ్రేడు అసలే లేదు. ఒళ్ళంతా చెమట, గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది, మెల్లమెల్లగా ఊపిరి నెమ్మదిస్తుంది. పిట్టలు గూళ్ళకి పోతుంటాయి. అంతే.

ఈ వరసలో తెలివి ఉంది. ముందు ఆట, తర్వాత నిశ్శబ్దం. పదేళ్ళ పిల్లాణ్ణి పొద్దున్నుంచీ బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకో అరగంట కదలకుండా ధ్యానం చెయ్యమంటే అది ఇంకో శిక్షే. ఒళ్ళు బాగా కదిలాక కూర్చోవడం హాయిగా ఉంటుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతుంటే గుండె వేగం తగ్గుతుంది, ఇది శరీరంలో ఉన్న ఏర్పాటే, మనం నేర్పక్కర్లేదు. ఆ స్కూల్లో జానపద నృత్యాలు కూడా పిల్లలందరికీ ఉంటాయి. డ్యాన్స్ వచ్చినవాళ్ళు స్టేజీ మీద, మిగతావాళ్ళు కుర్చీల్లో అన్న పద్ధతి కాదు. అందరూ గుండ్రంగా తిరగాల్సిందే.

కృష్ణమూర్తి దాదాపు ప్రతి చలికాలం అక్కడికి వచ్చి పిల్లలతో మాట్లాడేవాడు. ఆ మాటలు పుస్తకాలుగా వచ్చాయి. ఆయన పిల్లలకి చెప్పిన పని చాలా చిన్నది. ముందు హాయిగా, నిటారుగా, కదలకుండా కూర్చోండి. చుట్టూ ఉన్న చెట్లనీ కొండల్నీ చూడండి, చప్పుళ్ళు వినండి. తర్వాత కళ్ళు మూసుకుని, కనుగుడ్లు కూడా కదలకుండా ఉంచి, లోపల ఏ ఆలోచన వస్తోందో చూడండి. దాన్ని తోసెయ్యకండి, మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పకండి. భయం వస్తే భయాన్ని కూడా అలాగే చూడండి. ఆయన పద్ధతి మొత్తం ఇంతే, అసలు దీన్ని పద్ధతి అంటే ఆయన ఒప్పుకోడు.

టీచర్లకి చెప్పిన ఒక ఉదాహరణ నాకు బాగా నచ్చింది. క్లాసులో ఒక పిల్లాడు పాఠం వినకుండా గోడ మీద బల్లిని చూస్తున్నాడనుకోండి. తిట్టి పుస్తకం వైపు తిప్పడం మామూలు. అలా కాకుండా ఆ బల్లిని పూర్తిగా చూడనివ్వండి, మీరు కూడా వాడితో కలిసి చూడండి అంటాడాయన. దేన్నైనా పూర్తిగా చూడటం వచ్చినవాడికి పాఠాన్ని చూడటం కూడా వస్తుంది. ఏకాగ్రత వేరు, గమనించడం వేరు అని కూడా తేడా చెప్తాడు. ఏకాగ్రత అంటే ఒక్కదాన్ని పట్టుకుని మిగతావన్నీ బయటికి నెట్టడం, అందులో ఎప్పుడూ పోరాటం ఉంటుంది. గమనింపులో నెట్టడం ఉండదు.

మైలాపూరు బడిలో వరండాలో నిలబడ్డ పిల్లాణ్ణి ఇప్పుడు మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. కిటికీలోంచి చూసినందుకు దెబ్బలు తిన్నవాడే, చూడనివ్వండి అని టీచర్లకి చెప్తున్నాడు.

ఆయన తన శరీరాన్ని బాగా చూసుకున్నాడు. రోజూ ఆసనాలు, ప్రాణాయామం వేసేవాడు. బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర, తర్వాత టి.కె.వి. దేశికాచార్ దగ్గర నేర్చుకున్నాడు. ఎనభై దాటాక కూడా సాయంత్రం మైళ్ళకొద్దీ వడివడిగా నడిచేవాడు. అయినా యోగాసనాలు వేస్తే జ్ఞానం వచ్చేస్తుంది అంటే నవ్వేవాడు. అది ఒంటికి మంచిది, పళ్ళు తోముకున్నట్టు చెయ్యండి, అంతకుమించి బిరుదులు ఇవ్వకండి అన్నది ఆయన ధోరణి.

అసలు గట్టి మాట ఇంకోటుంది. భయం పెట్టే ఏర్పాటుని అలాగే ఉంచి, పిల్లల్ని ప్రశాంతంగా ఉండమనడం అన్యాయం అంటాడు. ఒక పిల్లాణ్ణి ఇంకొకడితో పోల్చిన ప్రతిసారీ మీరు వాణ్ణి గాయపరుస్తున్నారు అన్నది ఆయన తిరిగి తిరిగి చెప్పిన విషయం. నిత్యతో పోల్చి చూసినవాళ్ళ మధ్య పెరిగినవాడికి అది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. అందుకే ఆయన స్కూళ్ళలో చిన్న క్లాసులకి ర్యాంకులు, బహుమతులు ఉండకూడదన్నాడు.

ఇవాళ ఏం జరుగుతోంది? వారం వారం టెస్టు పెడతారు, ర్యాంకుల లిస్టు నోటీసు బోర్డులో అంటిస్తారు, సెక్షన్లు మారుస్తారు. స్ట్రెస్ ఎక్కువైంది అని గమనించి శనివారం ఒక గంట మెడిటేషన్ క్లాసు పెడతారు. అదీ మార్కులు పెరుగుతాయని. బ్రిటన్‌లో మిరియడ్ అనే పెద్ద అధ్యయనం చేశారు. 8,000 మందికి పైగా స్కూలు పిల్లలు అందులో ఉన్నారు. టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి, క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలుగా నడిచిన స్కూళ్ళతో పోలిస్తే పిల్లల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మేలేమీ కనపడలేదు. దీన్నిబట్టి ఊపిరి మీద ధ్యాస దండగ అనలేం. సిలబస్‌లో ఇంకో పీరియడ్‌గా అందరికీ ఒకే మోతాదు ఇస్తే పనిచేయకపోవచ్చు అని మాత్రం తెలుస్తోంది. కృష్ణమూర్తి బతికుంటే ఆశ్చర్యపోయేవాడు కాదనుకుంటా.

ఆయన మీద విమర్శలు లేవని కాదు. ఋషివ్యాలీ ఫీజు కట్టి చదవాల్సిన రెసిడెన్షియల్ స్కూల్, చేరగలిగిన పిల్లలు కొద్దిమందే. పెద్ద క్లాసుల్లో అక్కడా బోర్డు పరీక్షలు తప్పవు. పద్ధతి వద్దు అని చెప్పే మనిషి మాటలనే కొందరు పద్ధతిగా మార్చుకున్నారు. ఇవన్నీ నిజాలే. అయితే అదే లోయలో చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం చిన్న బడులు కూడా నడిచాయి. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి వేగంతో వాళ్ళు కార్డులు తీసుకుని, నేల మీద అటూ ఇటూ తిరుగుతూ నేర్చుకునే పద్ధతిని అక్కడ తయారుచేశారు. దాన్ని చూసి వేరే రాష్ట్రాల ప్రభుత్వ బడులు కూడా నేర్చుకున్నాయి. అంటే కొండలూ మర్రిచెట్టూ లేకపోయినా కొంత కుదురుతుంది.

మరి మన రామచంద్రపురం సంగతి? ఇక్కడ కొండలు లేవు. కానీ అస్తమయం చూడ్డానికి కొండే ఉండాలా? ద్రాక్షారామం రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే వరి చేలు, కాలవ గట్టు, కొబ్బరి చెట్ల వెనక దిగే సూర్యుడు. ఇంతకన్నా మంచి అస్తాచల్ దొరకదు. కానీ ఆ టైముకి మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎక్కడుంటున్నారు? ట్యూషన్‌లోనో, స్టడీ అవర్‌లోనో, స్కూల్ బస్సులో నిద్రపోతూనో. పొద్దున ఎక్కినప్పుడు చీకటి, దిగినప్పుడు చీకటి. సూర్యుడు వాళ్ళకి డ్రాయింగ్ బుక్‌లో మాత్రమే కనిపిస్తున్నాడు.

మనం టీచర్లం కాదు, ప్రభుత్వం కాదు. పందొమ్మిది ఇరవై ఏళ్ళ వాళ్ళం. కానీ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆరో క్లాసు తమ్ముడో, పిన్నిగారి అమ్మాయో మన దగ్గరికే వస్తారు. వాళ్ళ ప్రోగ్రెస్ కార్డు గురించి మనం కూడా అడగక్కర్లేదు, ఆ పనికి బంధువులు చాలామంది ఉన్నారు. సైకిలు తీయించి కాలవ గట్టు దాకా తీసుకెళ్ళొచ్చు. పరిగెత్తించొచ్చు, ఈత నేర్పించొచ్చు. అలిసిపోయి కూర్చున్నాక మాట్లాడకుండా పక్కన కూర్చోవచ్చు. ఏడిస్తే ఏడవనివ్వొచ్చు. పరీక్ష అంటే ఒంట్లో ఎక్కడ ఎలా ఉంటుందిరా, కడుపులోనా గుండెలోనా అని అడగొచ్చు. పిల్లలు ఈ ప్రశ్నకి టక్కున సమాధానం చెప్తారు. ఎందుకు భయం అంటే చెప్పలేరు, ఎక్కడ భయం అంటే చెప్పగలరు. ఒకవేళ ఆ భయం మన చేతుల్లో లేనంత పెద్దదిగా కనిపిస్తే, నిద్రా తిండీ పోతే, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం మన బాధ్యత. కాలవ గట్టు అన్నింటికీ మందు కాదు.

కృష్ణమూర్తి 1985 చివర్లో ఋషివ్యాలీకి ఆఖరిసారి వచ్చాడు. అప్పటికే బాగా చిక్కిపోయాడు. అయినా పిల్లలతో, టీచర్లతో కూర్చున్నాడు. 1986 జనవరిలో మద్రాసులో చివరి ప్రసంగం ఇచ్చి ఓహాయ్ వెళ్ళిపోయాడు. ఒంట్లో ఉన్నది క్లోమానికి వచ్చిన క్యాన్సర్ అని తేలింది. నిత్య ఆఖరి రోజులు గడిపిన అదే లోయలో ఫిబ్రవరి 17న, తొంభై ఏళ్ళ వయసులో చనిపోయాడు. తన మాటలకి అధికారిక వ్యాఖ్యాతలు ఎవరూ ఉండకూడదని, తనకి గుళ్ళు కట్టకూడదని ముందే చెప్పాడు.

గుడి అక్కర్లేదు. మన క్లాసులోనో, మన వీధిలోనో కిటికీలోంచి బయటికి చూసే పిల్లాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడికి మొద్దు అని పేరు పెట్టే ముందు, వాడు దేన్ని చూస్తున్నాడో మనం కూడా ఒకసారి తొంగి చూస్తే చాలు.